మత్తు వద్దని రాసిచ్చాను

పెద్దపేగు పరీక్షకు మొదటిసారి పోయినప్పుడు మత్తు వద్దని నేనే కాగితం మీద రాసిచ్చాను. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో నర్సు నా ముందు ఫారం పెట్టింది. 'మత్తు లేకుండా చేయించుకోవడానికి ఒప్పుకుంటున్నాను' అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. నా భార్య పక్కనే నిలబడి చూసింది. ఎందుకని అడగలేదు. ఇన్నేళ్ల కాపురంలో నా మొండితనం ఆమెకు అలవాటైపోయింది.

అప్పటికి నేను రిటైరై నాలుగేళ్లు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ముందు బెల్లంపల్లిలో, తర్వాత శ్రీరాంపూర్‌లో, మొత్తం ముప్పై నాలుగేళ్లు బాయి పని చేశాను. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని నాది. నడుము, మోకాళ్లు, ఊపిరితిత్తులు అన్నీ అక్కడే అరిగిపోయాయి. రిటైరయ్యాక ఒంట్లో కొత్తగా ఏది చెడినా పెద్దగా ఆశ్చర్యపోయేవాణ్ని కాదు. దొడ్డికి పోయినప్పుడు రక్తం కనిపిస్తే మొలలనుకున్నాను. రెండు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాక మంచిర్యాలలో చూపించుకుంటే, ఆ డాక్టరు మందులు వాడించి, తగ్గకపోయేసరికి కరీంనగర్ పొమ్మన్నాడు. లోపలికి కెమెరా పెట్టి చూడాలన్నాడు.

ఆ పరీక్ష కంటే దాని ముందు రోజే కష్టం. పేగులు కడగడానికి ఒక పొడి ఇస్తారు. రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ఉప్పూ నిమ్మకాయా కలిసినట్టుండి, నాలుగో గ్లాసుకు గొంతు దిగదు. అది తాగి శ్రీరాంపూర్ నుంచి బస్సులో రాలేం కాబట్టి, కరీంనగర్‌లో మా మరదలి ఇంట్లో దిగాం. రెండు గదుల ఇల్లు. మాతో కలిపి ఆరుగురికి ఒకటే బాత్రూం. ఆ సాయంత్రమంతా దాని తలుపు దగ్గర వేసిన ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చునే ఉన్నాను. పాపం, మరదలి అత్త ముసలామె. రెండుసార్లు చెంబు పట్టుకుని వచ్చి, నన్ను చూసి తిరిగిపోయింది. మూడోసారి మాత్రం, "బిడ్డా, జర నన్ను పోనియ్యి" అంది.

తెల్లారి బల్ల మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. గొట్టం కొంతదూరం బాగానే పోయింది. పేగు వంపు దగ్గరికి వచ్చేసరికి, లోపల గాలి నింపుతూ తోస్తుంటే, కడుపును ఎవరో చేత్తో పట్టి మెలితిప్పినట్టయింది. బాయిలో కాలి మీద దుంగ పడ్డప్పుడు కూడా నేను అరవలేదు. ఇక్కడ అరిచాను. కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాను. నర్సు భుజం పట్టుకుంది. డాక్టరు కాసేపు ఆగాడు, మళ్లీ తోశాడు, మళ్లీ ఆగాడు.

"ఇట్ల కాదు. నువ్వు బిగవడితే నాకు లోపలికి తోవ దొరుకుతలేదు. సగమే చూసిన. వచ్చే వారం రా, మత్తిచ్చి చూద్దాం" అన్నాడు.

సగమే చూశాడంటే ఆ రెండు లీటర్ల నీళ్లు మళ్లీ తాగాలి. మరదలి ఇంట్లో ఆ కుర్చీ మళ్లీ వేయాలి. నొప్పి కంటే ఆ ఆలోచనకే నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పెద్దపల్లి దాటింది. నా భార్య కిటికీలోంచి చూస్తూనే, "మత్తంటే నీకంత భయమేంది?" అని అడిగింది.

"భయమేం లే."

"మరి?"

చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. బస్సులో, కడుపు పట్టుకుని, అది చెప్పే ఓపిక నాకు లేదు.

అది నేను బెల్లంపల్లిలో పనికి చేరిన రెండో ఏడు సంగతి. నాకు పని నేర్పిన పెద్దాయన, నేను, పనులు ఆగిపోయిన ఒక పాత దారిలో దుంగలు ఎట్లా ఉన్నాయో చూసి రమ్మంటే పోయాం. గాలి ఆడని చోటు. ఆయన చేతిలో గాలి మంచిదో కాదో చూసే దీపం ఉంది. నేను ఆయన కంటే పదడుగులు ముందున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చేతిలో దీపం ఆరిపోయి ఉంది. దీపం ఆరితే వెంటనే వెనక్కి పరుగెత్తాలని మాకు మొదటి రోజే చెప్తారు. ఆ మాట నాకు గుర్తుంది. దీపం ఆరిందనీ తెలుసు. కానీ ఎందుకో పరుగెత్తాలనిపించలేదు. కాళ్లు బరువెక్కాయి. ఒక దుంగకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాను. హాయిగా ఉంది. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి మంచం మీద వాలినప్పుడు ఉండేటంత హాయి. ఆ పెద్దాయన నా కాలర్ పట్టి ఈడ్చుకుంటూ వెనక్కి తెచ్చాడు. గాలి ఆడే చోటికి వచ్చాక వాంతి చేసుకున్నాను. ఆయన నా రెండు చెంపలూ వాయించాడు.

ఈ సంగతి ఇంట్లో తెలుసు. గాలి చెడి నేను పడిపోయానని, ఆయన బతికించాడని తెలుసు. కానీ నేను పడిపోలేదనీ, కావాలనే కూర్చున్నాననీ, అప్పుడు నాకు ఏ భయమూ లేదనీ ఎవరికీ చెప్పలేదు. తర్వాత ముప్పై ఏళ్లు బాయి దిగుతూనే ఉన్నాను. పైకప్పు కూలుతుందని భయపడ్డాను, నీళ్లు వస్తాయని భయపడ్డాను. అవి తెలిసే భయాలు. నాకు తెలియకుండా, నాకు ఇష్టమై, నేను మెల్లగా పోవడమన్నదే నేను ఎవరితోనూ మాట్లాడలేని భయం. మత్తు ఇంజక్షన్ అనగానే ఆ దుంగ, ఆ హాయి గుర్తుకొచ్చాయి. అందుకే వద్దని రాసిచ్చాను.

వారం తర్వాత మళ్లీ పోయాం. మళ్లీ అదే మందు, అదే కుర్చీ. ఈసారి ముసలామె వాళ్ల బాత్రూం కోసం ముందే పక్కింటి వాళ్లను అడిగి పెట్టుకుంది.

ఆసుపత్రిలో ఈసారి నన్ను ముందు మత్తు డాక్టర్ దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. కళ్ల కింద నలుపు, తానే సరిగ్గా నిద్రపోనట్టుంది. నా భార్య నా పక్క స్టూలు మీద కూర్చుంది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. బీపీ గోలీలు వేసుకుంటున్నానా, గురక వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా, పళ్లు ఏమైనా కదులుతున్నాయా, ఏ మందైనా పడదా, బీడీ తాగుతానా, ఇంతకు ముందెప్పుడైనా మత్తు తీసుకున్నానా. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. బాయి పని చేశానని చెప్పకముందే, "దుమ్ములో పని చేసినవా బాపూ?" అని అడిగింది.

"పొద్దున ఏమన్న తిన్నవా? తాగినవా?"

"ఏం లే" అన్నాను.

"సగం గ్లాసు చాయ్ తాగిండు" అంది నా భార్య.

నేను ఆమె వైపు చూశాను. మరదలు అలవాటు కొద్దీ ఇచ్చింది, నేను అలవాటు కొద్దీ తాగాను. పొద్దున ఏడు గంటలప్పుడు. సగం గ్లాసు చాయ్ కూడా లెక్కలోకి వస్తుందా అనుకున్నాను.

"పాల చాయేనా?" అంది డాక్టరమ్మ. పెన్ను కింద పెట్టింది. "అయితే ఒంటి గంట దాటాలె బాపూ. ఉత్త నీళ్లయితే వేరే. పాలు కడుపుల చాలాసేపుంటయ్. నిద్రల ఉన్నప్పుడు అవి పైకొచ్చి ఊపిరితిత్తులల్లకు పోతే నువ్వు దగ్గలేవు. మత్తులో దగ్గు రాదు. చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది?"

ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది. అందుకే నాకు సిగ్గేసింది. అప్పుడు టైం తొమ్మిదిన్నర. ఇంకా మూడున్నర గంటలు కూర్చోవాలి.

లేచి పోబోతూ ఆగాను. అడగకపోతే మళ్లీ వద్దని రాసిచ్చి ఇంటికి పోతానని నాకు తెలుసు.

"బిడ్డా, ఒకటి అడుగుత. నేను నిద్రలకు పోతున్ననని నాకు తెలుస్తదా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "తెల్వదు. అబద్ధమెందుకు చెప్పాలె? మాట్లాడుకుంటనే పోతవు."

"మరి నాకే తెల్వకపోతే ఎవలకు తెలవాలె?"

"నాకు. గందుకే నేనుండేది."

కూర్చోమంది. బయట ఇంకా నలుగురు ఉన్నారు, అయినా కూర్చోమంది. అప్పుడు ఆ పాత దారి సంగతి మొత్తం చెప్పాను. దీపం ఆరిందని తెలిసీ కూర్చున్నానని చెప్పాను. హాయిగా ఉండిందని చెప్పాను. పక్కన నా భార్య వింటూ ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. ఎదుటి గోడ మీద ఉన్న గడియారం వైపు చూస్తూ చెప్పాను.

డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. అయ్యాక అంది: "అక్కడ నీకు మంచి గాలి అందలే. ఇక్కడ నేను ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టి ఇస్త. ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు వేరు బాపూ. అండ్ల గొంతుల గొట్టం వేసి మిషన్‌తోని ఊపిరి ఇస్తం. నీకు గా మత్తు గాదు. నిద్ర పట్టేటంతే ఇస్త. ఊపిరి నువ్వే తీసుకుంటవ్. వేలికి క్లిప్పు పెడత, నీ ఒంట్ల ఆక్సిజన్ ఎంతున్నదో నాకు కనవడుతది. అది తగ్గితే నీ గదవ పైకెత్తి గొంతుల గాలికి తోవ చేస్త. అవసరమైతే మందు ఆపుత. అది అయిదారు నిమిషాలల్ల దిగిపోతది."

"ఎప్పుడన్న ఎవలకన్న ఏమన్న అయిందా?"

"ఊపిరి తగ్గుతది, బీపీ తగ్గుతది. అప్పుడప్పుడు అయితనే ఉంటది. గవి చూసుకునుడే నా పని. నీకు దుమ్ముతోని ఊపిరితిత్తులు జర దెబ్బతిన్నయ్. అందుకని మెల్లమెల్లగ ఇస్త."

"నువ్వు నడుమల బయటికి పోవు గద?"

"పోను. నీ తలకాడనే నిలవడుత. నువ్వు లేచి నీ పేరు చెప్పినంక పోత."

ఏమీ కాదని ఆమె అనలేదు. అంతకు ముందు అందరూ ఏమీ కాదనే అన్నారు, మంచిర్యాల డాక్టర్, నర్సు, మా మరదలు. వాళ్లెవరి మాటా నాకు ఎక్కలేదు. ఈ అమ్మాయి ఏమేం కావచ్చో చెప్పింది, అయితే తానేం చేస్తుందో చెప్పింది. దుంగ నిలబెట్టేవాడికి ఆ మాటే కావాలి. ఫారంలో వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను.

పిలిచేదాకా వరండాలో ఇనుప కుర్చీల మీద కూర్చున్నాం. నా భార్య చాలాసేపటికి, "గన్నేండ్ల సంది లోపల పెట్టుకున్నవా?" అంది. నేను తల ఊపాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా వచ్చేపోయే వాళ్లను చూస్తూ కూర్చుంది. నాకు ఆకలి పోయి నీరసం మిగిలింది. పేగులు ఖాళీ, తల ఖాళీ. ఒక దశలో అసలు ఏ భయమూ లేదు, తొందరగా పడుకోబెడితే చాలనిపించింది.

ఒకటిన్నరకు పిలిచారు. చేతికి సూది పెట్టి ప్లాస్టర్ వేశారు. ఛాతీకి తీగలున్న మూడు బిళ్లలు, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం. ప్లాస్టిక్ వాసన, చల్లటి గాలి. తల దగ్గర ఆ అమ్మాయి నిలబడింది. ఆమె చెప్పుల చప్పుడు నాకు వినబడుతూ ఉంది. మిషన్ టిక్కు టిక్కుమంటోంది.

"అది నీ గుండెనే బాపూ. చేతిల జర మంట పుడతది, ఫికర్ జెయ్యకు. బాయిల ఏం పని చేస్తుంటివి?"

"దుంగలు నిలవెడుతుంటి."

"ఎట్ల నిలవెడతరు?"

"ముందు పైకప్పును కొట్టి సప్పుడు వినాలె. గట్టిగున్నదంటే..."

చేతిలో నరం వెంట మంట మోచేతి దాకా పాకింది. మాట పూర్తి చేయాలనుకున్నాను.

"ఇప్పుడే చెప్పిన గద, లేవకు, పండుకో" అంటోంది నా భార్య.

అది వేరే గది. గోడ రంగు వేరే. నేను మాట పూర్తి చేయబోతున్నట్టే ఉన్నాను, కానీ ముందు ఎవరూ లేరు. పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. అయిపోయి అరగంట అయిందని చెప్పింది. నేను నమ్మలేదు. కడుపు తడిమి చూసుకున్నాను. నొప్పి లేదు. బాయిలో కూర్చున్నప్పటి ఆ హాయి కోసం, ఆ మెల్లగా జారడం కోసం లోపల వెతికాను. అదేమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. నిద్రపోయి లేస్తే కొంత సమయం గడిచినట్టయినా తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు.

"డాక్టర్ సార్ ఎప్పుడొస్తడు? ఏం చెప్తడో" అన్నాను.

నా భార్య నన్ను అదోలా చూసింది. "వచ్చి చెప్పి పోయిండు గద. నువ్వే మాట్లాడినవు."

"ఎప్పుడు?"

"గిప్పుడే. పేగుల చిన్న బొడిపె ఉండె, తీసేసినం, పరీక్షకు పంపుతం అన్నడు. ఎంతుండె అని అడిగినవు. శెనగగింజంత అన్నడు. మళ్లొస్తదా అని అడిగినవు. దండం కూడా పెట్టినవు."

నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. కళ్లు తెరిచి, మనిషిలాగా కూర్చుని, మర్యాదగా ప్రశ్నలడిగి, దండం పెట్టినవాడు ఎవడో నాకు తెలియదు. మత్తు డాక్టరమ్మ కూడా వచ్చి నా పేరు అడిగిందట, ఊరి పేరుతో సహా చెప్పానట. ఆమె అన్న మాట నిలబెట్టుకుంది. నేను చూడలేదు, అంతే. మందు దిగేదాకా విన్నది నిలవదనీ, అందుకే చెప్పేటప్పుడు ఇంటివాళ్లను పక్కన ఉంచుతామనీ నర్సు చెప్పింది. ఒక కాగితం నా భార్య చేతికిచ్చింది. రేపటి దాకా బండి నడపొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఒంటరిగా ఉండొద్దు.

నేను మాత్రం బాగానే ఉన్నాననీ, నడిచే పోదామనీ పట్టుబట్టాను. మెట్ల దగ్గర మోకాలు మడతపడి గోడ పట్టుకున్నాను. ఆమె ఆటో పిలిచింది.

ఆటోలో కూర్చున్నాక అడిగాను. "నేనింకేమన్న మాట్లాడిన్నా?"

"మాట్లాడినవు."

"ఏమన్న?"

"తిన్నవా అని అడిగినవు. మూడుసార్లు. లేదంటే మళ్లా అదే అడుగుతివి."

"మరి తిన్నవా?"

"ఎక్కడ తిన్న? నిన్నిడిచిపెట్టి ఎటు పోవాలె? పొద్దటి సంది అక్కడనే గద కూసున్న."

అప్పటికి టైం మూడు దాటింది. తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర దాకా ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఒళ్లు తెలిసి, మాట తెలిసి కూర్చున్నాను. అప్పుడు అడగలేదు. ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. బస్టాండు దగ్గర ఆటో ఆపించి ఇడ్లీ తీసుకోమన్నాను. ఇద్దరం మరదలి ఇంట్లో, అదే కుర్చీ పక్కన నేల మీద కూర్చుని తిన్నాం. నేను సగంలోనే నిద్రపోయాను. సాయంత్రం దాకా లేవలేదట. మధ్యలో రెండుసార్లు నా భార్య నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిందని మరదలు తర్వాత చెప్పింది.

పది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. చెడ్డదేమీ కాదు. ఉండనిస్తే చెడేది, తీసేశాం కాబట్టి సరిపోయింది, మూడేళ్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడాలి అన్నాడు డాక్టరు. ఈసారి నేను మెలకువలో ఉండి విన్నాను. సంతోషించాలి. కానీ మూడేళ్ల తర్వాత మళ్లీ ఆ రెండు లీటర్ల నీళ్లే ముందు గుర్తొచ్చాయి. ఒళ్లు ఒక వయసు దాటాక ఏదీ పూర్తిగా అయిపోదు. ఒకటి ముగిస్తే ఇంకో తేదీ రాసిస్తారు.

నా భయం పోయిందని చెప్పను. మత్తుకూ ఆ పాత దారికీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు. కానీ మధ్యాహ్నం పడుకుని నిద్ర ముంచుకొస్తుంటే ఒక్కోసారి ఉలిక్కిపడి లేస్తాను. కొంచెంసేపు కూర్చుని మళ్లీ పడుకుంటాను.

నెల కింద మా వెనక వీధిలో ఉండే ఒకాయన వచ్చాడు. నాతో పాటు బాయి పని చేసినవాడే. గొంతులోంచి కెమెరా వేసి కడుపు చూడాలన్నారట. మత్తు తీసుకోవాలా వద్దా తేల్చుకోలేక వచ్చాడు.

"ఎట్లుంటదే మత్తు? నువ్వు చేయించుకున్నవ్ గద, జర చెప్పు."

"నాకేం తెల్వదు. నాకు ఎర్క లేకుండనే అయిపోయింది."

అతనికి ఆ జవాబు నచ్చలేదు. నేను తెలిసినంత చెప్పాను. పొద్దున చాయ్ తాగకు, తాగితే దాచకు. పళ్లు కదిలినా, గురక వచ్చినా చెప్పు. తల దగ్గర ఎవరు నిలబడతారో అడుగు. భయముంటే ఏం భయమో అది కూడా చెప్పు. లేచాక డాక్టర్ చెప్పింది నీకు గుర్తుండదు, ఇంకొకళ్లు వినాలి.

"గవన్ని సరే. నొప్పైతదా?"

"మత్తు లేకుంటే నాకైతే అయింది. మత్తులో అయిందో లేదో నాకు తెల్వదు."

చాయ్ తాగి, పెద్దగా ధైర్యమేమీ రాకుండానే పోయాడు. నా భార్య గ్లాసులు తీస్తూ, "ఆయన తోటి ఎవరు పోతున్నరో అడిగినవా?" అంది. అడగలేదు. వాళ్ల ఇంట్లో ఇప్పుడు అతనొక్కడే ఉంటున్నాడు. చెప్పులు వేసుకుని వీధి మలుపు దాకా పోయి పిలిచాను. ఎవరూ లేరన్నాడు. ఏ రోజని అడిగాను. గురువారం అన్నాడు. నేను వస్తానని చెప్పి, మోకాళ్లు నొప్పి పెడుతుంటే మెల్లగా ఇంటికి వచ్చాను.